నా బల్ల మీది పంపర పనస

లైప్‌జిగ్ ట్రాముల్లో తిరిగే జనంలో సగం మంది మెదళ్ళు నేను చూశాను. ఈ మాట మన తెలుగువాళ్ళ భోజనాల దగ్గర చాలాసార్లు అన్నాను. ఎవరూ కాదనలేదు. సరిగ్గా ఆ సమయానికే బిర్యానీ గిన్నె వచ్చేలా చూసుకునేవాణ్ణి కాబట్టి కాదనే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

నిజం ఏమిటంటే, ఒక పెద్ద ఆసుపత్రిలో మూర్ఛల క్లినిక్‌లో నేను రెండో వరస డాక్టర్ని. పైన ఒక చీఫ్ ఉండేది. నా కింద ఒక ప్రింటర్ ఉండేది. అది కూడా నా మాట వినేది కాదు. బాపట్లలో పుట్టి, గుంటూరులో చదివి, బెర్లిన్ గోడ కూలిన కొన్నేళ్ళకు ఈ ఊరు వచ్చిపడ్డాను. అప్పట్లో వీధిలో తెలుగు మాట వినిపిస్తే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. బ్లూ కార్డులూ, మాస్టర్స్ చదువులూ మొదలయ్యాక తిరిగి చూడ్డం మానేశాను, మెడ నొప్పి పుడుతుందని. సూపర్ మార్కెట్‌లో పాల అర దగ్గర "టెర్మిన్ దొరికిందా?" అని ఒకరు, "మీటె ఎంతంట?" అని ఇంకొకరు; ఎక్కడ విన్నా అపాయింట్‌మెంట్లూ ఇంటద్దెలే.

ఇప్పుడు మన పిల్లలు డాక్టర్లుగా, నర్సులుగా, ఫార్మసిస్టులుగా కూడా వస్తున్నారు. ఉద్యోగం ఎలా ఉంటుందంకుల్ అని అడుగుతారు. జీతం సంగతి, పర్మిట్ల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఈ మందులు ఏం చేస్తాయో, మనం ఎక్కడ తప్పుతామో. అది కూడా ఒకే ఒక్క పండు అడ్డం పెట్టుకుని చెబుతాను.

చేతులు చాపండి

మా చీఫ్ డాక్టర్ హార్ట్‌విగ్. పొడుగాటి మనిషి, పొట్టి మాటలు. ఉదయం గుడ్ మార్నింగ్ చెప్పినా అందులో ఒక అక్షరం మిగుల్చుకునేది. నేను చేరిన మొదటి వారంలోనే ఒక రోగి స్కాన్లన్నీ బల్ల మీద పరిచి గంభీరంగా చూస్తుంటే, ఆవిడ వచ్చి వాటిని పక్కకి నెట్టింది.

"మెషీన్లు తరవాత, హెర్ రావు. ముందు చేతులు."

రోగిని రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసి పట్టుకోమనాలి. వేళ్ళు వణుకుతున్నాయా, అరచేయి వాలిపోతోందా చూడాలి. తరవాత మన వేలిని ఈ చివర నుంచి ఆ చివరకు కదుపుతూ, తల తిప్పకుండా కళ్ళతో అనుసరించమనాలి. చూపు చివరికి వెళ్ళి నిలబడాలి. నిలబడలేక చిన్నచిన్నగా ఎగిరిపడుతుంటే, మందు ఎక్కువైందేమోనని అనుమానించాలి. ఆఖరున ఒక గీత మీద, మడమకు బొటనవేలు తాకేలా నడిపించాలి.

ఇంత పెద్ద దేశంలో, ఇన్ని యంత్రాలు పెట్టుకుని, మా గుంటూరు ప్రొఫెసర్ చేయించిన పనే చేయిస్తోందేమిటి అని చిన్నబుచ్చుకున్నాను. తరవాత ఈ పరీక్షను జర్మనీకి నేనే నేర్పానని ఒకటి రెండు చోట్ల చెప్పుకున్నాను. దాన్ని ఇక్కడితో వెనక్కి తీసుకుంటున్నాను.

ట్రామ్ తలుపు

మూర్ఛ అంటే ఏమిటో, మందు ఏం చేస్తుందో రోగికి అర్థమయ్యేలా చెప్పలేని డాక్టరుకు అది తనకే అర్థం కాలేదని అనుమానించండి. నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. ఒకరోజు ట్రామ్ దిగబోతుంటే అర్థమైంది.

మన ట్రామ్ తలుపు మీద మీట ఉంటుంది కదా. నొక్కితే తెరుచుకుంటుంది, జనం ఎక్కుతారు, మూసుకుంటుంది. మూసుకున్న వెంటనే మళ్ళీ నొక్కితే తెరుచుకోదు. ఒక్క క్షణం ఆగాలి. మెదడు కణానికి కూడా ఇలాంటి తలుపులు వేలకు వేలు ఉంటాయి. తెరుచుకుంటే సోడియం లోపలికి దూసుకొస్తుంది, కణం మెరుస్తుంది. తరవాత తలుపు మూసుకుని కాసేపు సేద తీరుతుంది. అలా తీరితేనే మనం స్థిమితంగా కూర్చుని కాఫీ తాగగలం.

మూర్ఛలో ఏమవుతుందంటే, ఒక మూల ఉన్న కణాలు పిచ్చిపట్టినట్టు మీట టకటకా నొక్కుతూనే ఉంటాయి. పక్కవాళ్ళు చూసి వాళ్ళూ మొదలుపెడతారు. కార్బమజెపీన్ లాంటి మందు ఆ తలుపుకు తాళం వెయ్యదు. తాళం వేస్తే మనిషే ఉండడు. అది తలుపు సేద తీరే ఆ క్షణాన్ని కాస్త సాగదీస్తుంది, అంతే. మర్యాదగా అప్పుడప్పుడు నొక్కేవాడికి తేడా తెలియదు. టకటకా నొక్కేవాడికి మాత్రం తలుపు తెరుచుకోదు. అందుకే ఈ మందు వేసుకున్న పిల్ల పరీక్షలు రాయగలదు, పాట పాడగలదు, కానీ ఫిట్స్ రావు.

మందు మితిమీరితే? మంచి ప్రయాణికులకు కూడా తలుపు తెరుచుకోదు. మెదడులో కళ్ళను కుదురుగా నిలిపే కణాలు, నడకను సరిచేసే కణాలు సహజంగానే వేగంగా పనిచేసేవి. ముందు వాటికే దెబ్బ. ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. నడక తూలుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మిగతా మందుల దారులు వేరు. కొన్ని మెదడులో సహజంగా ఉండే బ్రేకును ఇంకాస్త బలంగా నొక్కుతాయి. ఒక కణం నుంచి పక్క కణానికి కబురు మోసే రసాయనపు పొట్లాలు ఉంటాయి, కొన్ని మందులు ఆ పొట్లాలకు అంటుకుని వాటిని ఎడాపెడా విప్పనివ్వవు. కొన్ని నాలుగైదు పనులు ఒకేసారి చేస్తాయి. కొన్ని ఎలా పనిచేస్తాయో మాకు వాటిని వాడిన ఎన్నో ఏళ్ళకు గాని తెలియలేదు. తెలిసినట్టు ముఖం పెట్టేవాళ్ళం.

ఈ ట్రామ్ పోలిక ఒక సభలో చెప్పినప్పుడు హాలంతా లేచి నిలబడింది. భోజనాల వేళ అయింది లెండి.

నల్లగొండ అమ్మాయి

స్రవంతి ఈ దేశంలోనే క్లాస్తాల్ అనే ఊళ్ళో లోహాల ఇంజనీరింగ్ చదివింది. ఆఖరి థీసిస్ చెయ్యడానికి లైప్‌జిగ్‌లో ఒక కంపెనీ ల్యాబ్‌కి వచ్చింది. కొలిమిలో లోహం కరిగించి, గట్టిపడ్డాక కోసి, పగుళ్ళు చూడ్డం పని. పని నచ్చి కంపెనీవాళ్ళు వసంతం నుంచి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కాగితం మీదే బ్లూ కార్డు, ఆ కార్డు మీదే ఈ దేశంలో ఉండడం.

ఇంటర్ చదివేటప్పుడు ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. కుడి చెయ్యి కొట్టుకోవడంతో మొదలై మనిషి పడిపోయేది. స్కాన్‌లో మెదడులో ఒక చిన్న గట్టి చుక్క కనిపించింది. ఎప్పుడో తిండి ద్వారానో నీళ్ళ ద్వారానో లోపలికి చేరిన పురుగు గుడ్డు మెదడులో తిత్తై, చచ్చి, మచ్చగా మిగిలిపోయింది. మన దేశంలో ఇది మామూలే. కార్బమజెపీన్ మొదలుపెట్టాక మళ్ళీ ఫిట్స్ రాలేదు. ఏళ్ళ తరబడి రాలేదు.

అలాంటి పిల్ల చలికాలంలో ఒక ఉదయం కంపెనీ డాక్టరు పంపగా మా క్లినిక్‌కి వచ్చింది. ల్యాబ్‌లో తూలుతోందట. తాగి వచ్చిందేమోనని సూపర్‌వైజర్ దగ్గరికొచ్చి వాసన చూశాడట. కొలిమి దగ్గరికి వెళ్ళకుండా ఆపేశారు. తేలేదాకా ఉద్యోగం కాగితం మీద సంతకం లేదు.

నా గదిలోకి గోడ పట్టుకుంటూ వచ్చింది. ఒక చేతిలో వల సంచి, అందులో బంతి అంత పండు. దాన్ని నా బల్ల మీద పెట్టింది.

"ఉట్టి చేతులతోని పెద్దోళ్ళ కాడికి పోవద్దని అమ్మ చెప్పింది సార్."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళయింది ఇలా ఎవరైనా డాక్టరు దగ్గరికి పండు పట్టుకొచ్చి. ఇక్కడ క్రిస్మస్‌కి నర్సుల గదిలో చాక్లెట్ డబ్బా పెట్టి పోతారు. అది నర్సులు తింటారు.

చేతులు చాపమన్నాను. వేళ్ళు వణికాయి. నా వేలిని అనుసరించమన్నాను. కళ్ళు చివరికి వెళ్ళి అక్కడ నిలవలేక ఎగిరిపడ్డాయి. "మీ ఏలు రెండుగ కనవడుతుంది సార్," అంది. గీత మీద నడవమంటే రెండడుగులకే నన్ను పట్టుకుంది.

మందు ఎక్కువైన లక్షణాలు పుస్తకంలో బొమ్మ వేసినట్టు ఉన్నాయి. రక్తం తీసి పంపాను. అప్పుడే చీఫ్ వచ్చింది. బల్ల మీద పండు చూసి, ఇది బంతా అని అడిగింది.

అడక్క అడక్క అడిగింది కదా. బాపట్ల పంపర పనసల గురించి చెప్పడం మొదలుపెట్టాను. మా పెరట్లో చెట్టు కొమ్మ విరిగేటట్టు కాసేదనీ, రాలిన కాయలతో మేం బంతాట ఆడేవాళ్ళమనీ, జిల్లాలో నా అంత గోల్ కీపర్ లేడనీ చెప్పాను. జిల్లా అబద్ధం, వీధి నిజం. స్రవంతి కూడా నవ్వింది. వాళ్ళది బత్తాయి తోటల ప్రాంతం. ఇక్కడి చలిలో బత్తాయి కోసం ప్రాణం కొట్టుకుంటుంటే సూపర్ మార్కెట్‌లో ఇది కనిపించిందట. మా బత్తాయికి పెద్దన్న లెక్కుంది సార్ అంది. చీఫ్ ఆ పండు మీద చెయ్యి ఆనించి నిలబడి, కేసు వివరాలు వింది.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. మందు ఉండాల్సిన హద్దు దాటి బాగా పైన ఉంది.

చీఫ్ అడగాల్సినవన్నీ అడిగింది. వేరే మందులు? లేవు. ఈమధ్య యాంటీబయాటిక్? లేదు. నిద్ర మాత్రలు? లేవు. ఆకులు, కషాయాలు, ఇంటి నుంచి వచ్చిన పొడులు? ఇది నేను అడిగాను, లోకజ్ఞానం ఉన్నవాణ్ణి కాబట్టి. లేవు. మాత్రల డబ్బా చూపించమన్నాం. స్రవంతి బ్యాగులోంచి విటమిన్ల సీసా తీసింది. అందులో విటమిన్లు లేవు, ఫిట్స్ మాత్రలున్నాయి.

ఎందుకలా అని చీఫ్ అడిగితే పిల్ల తల దించుకుంది. నాకు చెప్పక్కర్లేదు. స్రవంతితో ఇల్లు పంచుకున్న అమ్మాయిది వాళ్ళ పక్క ఊరే. ఆ అమ్మాయికి తెలిస్తే ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ళమ్మకు తెలుస్తుంది, ఆవిడ నుంచి ఊరికి తెలుస్తుంది. ఫిట్స్ ఉన్న పిల్ల అనే మాట చదువు కంటే ముందు పెళ్ళివాళ్ళకు చేరుతుంది.

చీఫ్‌కు ఇదంతా తెలియదు. ఆవిడకు కనిపించింది వేరు. మందు దాచుకుంటోంది, రక్తంలో మందు ఎక్కువ ఉంది, థీసిస్ ఒత్తిడి ఉంది. కాబట్టి పొరపాటున ఎక్కువ వేసుకుంటోంది, లేదా కావాలని వేసుకుంటోంది. రెండిట్లో ఏదైనా ఈ మందు ఈమె చేతిలో ఉండడం మంచిది కాదు. ఇవాళే వార్డులో చేర్చుకుందాం, రేపు ఉదయం నుంచి వేరే మందుకు మారుద్దాం, మానసిక వైద్యుణ్ణి పిలుద్దాం.

ఆవిడ ఇంగ్లీషులోనే చెప్పింది, స్రవంతికి అంతా అర్థమైంది. ఈ మందు మారిస్తే ఏమవుతుందో కూడా అర్థమైంది. కొత్త మందు కుదరొచ్చు, కుదరకపోవచ్చు. కుదిరేలోపు ఒక్క ఫిట్ వస్తే కొలిమి దగ్గర పని ఉండదు. పని లేకపోతే కార్డు లేదు.

చీఫ్ వెళ్ళాక నా వైపు తిరిగింది.

"సార్, మీరన్న నమ్ముతున్నరా? ఒక్క గోలి గూడ ఎక్కువ ఏసుకోలే."

"నమ్ముతున్నానమ్మా," అన్నాను. అక్కడితో ఊరుకోక, "ఒకసారి బాగా గుర్తు తెచ్చుకో," అన్నాను.

పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది. చీఫ్ నమ్మలేదు, నమ్మలేదని చెప్పింది. నేను నమ్మినట్టు నటించాను. ఈ రెండిట్లో రోగికి ఎక్కువ నొప్పి పెట్టేది ఏదో నన్నడిగితే, రెండోదే అంటాను.

నేను చెప్పే కథ

ఈ కేసును నేను చాలామందికి చెప్పాను. ఎలా చెప్పానంటే, చీఫ్ తలుపు దాటబోతోంది. నా చూపు బల్ల మీద పడింది. ఒక్కసారిగా మెరుపు మెరిసింది. "ఆగండి," అన్నాను. గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. పండు ఎత్తి చూపించి, "దోషి ఇక్కడే ఉన్నాడు," అన్నాను. చీఫ్ నివ్వెరపోయింది.

మా ఇంటికొచ్చిన జూనియర్లు ఇది విని నన్ను మెచ్చుకునేవాళ్ళు. మా ఆవిడ వంటింట్లోంచి దగ్గేది. వయసు పైబడింది, ఇక ఆ దగ్గు ఎందుకో చెప్పేస్తాను.

జరిగింది

ఆ పండు సాయంత్రం దాకా బల్ల మీదే ఉంది. దాని పక్కన కూర్చునే స్రవంతిని వార్డుకు పంపాను. మందు మార్చే ఆర్డరు నా చేత్తోనే రాశాను. ఇంటికి బయల్దేరుతూ ఆ పండును సంచిలో వేసుకున్నాను. ట్రామ్‌లో ఒళ్ళో పెట్టుకుని, బాపట్ల తలుచుకుంటూ వచ్చాను.

మా ఆవిడ పళ్ళెంలో పెట్టి ఒలిచింది. ఆ దళసరి తొక్క తీసి, తెల్ల పొర వలిచి, తొనలు విడదీసి, పైన ఉప్పూ కారం చల్లింది. నోరూరి నేను చెయ్యి చాపాను. పళ్ళెం వెనక్కి పోయింది.

"ఆగండి. మీ కొలెస్ట్రాల్ మాత్రో?"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా పక్కింటి జర్మన్ ఆవిడ మాటలు విని మా ఆవిడ రోజూ పొద్దున్నే సగం గ్రేప్‌ఫ్రూట్ కోసి నా ముందు పెట్టేది. ఒంటికి మంచిదట. అంత చేదు పండు దేవుడు ఎందుకు చేశాడో నాకు తెలియదు. తప్పించుకునే దారి వెతికి, కొలెస్ట్రాల్ మాత్రల డబ్బాలోని కాగితం తీసి, ఇదిగో ఈ మాత్రకు ఆ పండు పడదని వ్యాఖ్యానంతో సహా చదివి వినిపించాను. మామూలుగా మందులో కొంత భాగాన్ని పేగు గోడ దగ్గరే ఒక ఎంజైమ్ కాపలా కాసి విరిచేస్తుందనీ, ఈ పండు ఆ కాపలావాణ్ణి నిద్రపుచ్చుతుందనీ, అప్పుడు మందు గుంపుగా రక్తంలోకి వచ్చిపడుతుందనీ చెప్పాను. నిజమే చెప్పాను గాని, చెప్పింది ఆ చేదు తప్పించుకోవడానికి.

"దానికి అంత లెక్చరిచ్చారు. ఇదీ దాని బాపతేగా. ఈ తెల్ల పొర రుచి చూడండి, అదే చేదు. దాన్ని ముట్టుకోనివారు దీనికి చెయ్యి చాపుతారేం?"

నేను చెయ్యి చాపినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

కార్బమజెపీన్ కాగితంలో కూడా అదే మాట ఉంటుంది. ఎంతమందికి ఆ మాట పైకి చదివి వినిపించానో. జర్మన్లకు గ్రేప్‌ఫ్రూట్ అని చెబితే వాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ మానేస్తారు. మన పిల్లకు గ్రేప్‌ఫ్రూట్ ఏమిటో తెలియదు. ఆమెకు తెలిసింది బత్తాయి. నాకు తెలిసింది పంపర పనస. మా ఇద్దరికీ అది మందుల లోకంలోది కాదు, ఇంటి లోకంలోది.

స్రవంతికి ఫోన్ చేశాను. ఆ పండు ఎప్పుడెప్పుడు తింటావని అడిగాను.

"దొరికిన కాడికెల్లి రోజు పొద్దుగాల తింటున్న. ల్యాబ్‌కి లేటయితది గద, అదే టిఫిన్. గోలి ఏసుకునుడు, పండు తినుడు, ఉరుకుడు." మళ్ళీ తనే, "ఏమైందంకుల్, పండు మంచిగలేదా?" అంది.

పొద్దున్నుంచీ సార్ అన్న పిల్ల అంకుల్ అంది. పండు మంచిగలేదా అని భయపడుతోంది, నాకు చెడిపోయిన పండు ఇచ్చిందేమోనని.

ఇక చీఫ్‌కు చెప్పాలి. ఈ దేశంలో పనివేళ ముగిశాక పై అధికారి ఇంటికి ఫోన్ చెయ్యడం అంటే వాళ్ళ స్నానాల గదిలోకి తొంగిచూడ్డం లాంటిది. చేశాను. ఆవిడ బృందగానం సాధనలో ఉంది. వెనకాల ఎవరో పెద్ద గొంతుతో పాడుతున్నారు. పండు, మాత్ర, పొద్దున్న, పేగు అని నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతల పాట దూరమైంది, బయటికి వచ్చినట్టుంది.

"నేను చెయ్యి పెట్టి నిలబడిన పండా?"

"అదే."

"మందు మార్చొద్దని వార్డుకు చెప్పండి, హెర్ రావు. మానసిక వైద్యుణ్ణి కూడా రావద్దనండి. రేపు ఆమెతో ముందు నేను మాట్లాడతాను."

ఉదయం వార్డులో ఆవిడ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అది కూడా అరుదే, ఆవిడ నిలబడే మాట్లాడేది. మీరు నిజం చెప్పారు, నేను నమ్మలేదు, పొరపాటు నాది అంది. ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. స్రవంతి నా వైపు చూసింది, ఇప్పుడేమనాలంకుల్ అన్నట్టు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటే ఏమనాలో మన ఇళ్ళలో ఎవరికీ అలవాటు ఉండదు. చివరకు డాంకె అని జర్మన్‌లో థాంక్స్ చెప్పింది. చీఫ్ తల ఊపి వెళ్ళిపోయింది.

తేలాక

పండు కథ వినడానికి బాగుంది కదా అని నమ్మలేదు మేం. చీఫ్ ఒప్పుకునే మనిషి కాదు. ఒక రోజు మాత్ర ఆపాం, మళ్ళీ పాత మోతాదే మొదలుపెట్టాం, పండు మాత్రం పూర్తిగా మాన్పించాం. మళ్ళీ మళ్ళీ రక్తం చూశాం. మందు హద్దులోకి దిగి, అక్కడే నిలిచింది. ఒక వస్తువు ఒకటిగా కనిపించింది. పిల్ల వార్డు నడవా పొడుగునా గీత మీద నడిచి చూపించి, చివర్లో గిరుక్కున ఒక చుట్టు కూడా తిరిగింది. నర్సులు చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చానని ఎవరైనా చెబితే నమ్మకండి. కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, అంతే.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఒకటుంది. మందు మార్చకుండా, మోతాదు తగ్గించి పంపేసి ఉంటే? చాలామంది డాక్టర్లు చేసేది అదే, నేనూ చేసి ఉండేవాణ్ణి. అప్పటికి బాగానే ఉండేది, పండు తింటోంది కాబట్టి. వసంతం వచ్చాక సూపర్ మార్కెట్‌లో ఆ పండు ఉండదు. పండు ఆగగానే కాపలావాడు లేచి కూర్చుంటాడు, తగ్గించిన మందులో సగం విరిచేస్తాడు. సరిగ్గా కొత్త ఉద్యోగంలో, కొలిమి ముందు ఫిట్ వచ్చేది. ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. రోగం ముదిరిందని రాసేవాళ్ళం.

కంపెనీ డాక్టరుకు చీఫ్ స్వయంగా ఫోన్ చేసి, తాగుడూ కాదు, జబ్బు పెరగడమూ కాదు, పండు అని చెప్పింది. ఆయన రెండుసార్లు అడిగి మరీ నమ్మాడట. సంతకం పడింది.

ఈ కేసు మీద నేనొక పెద్ద వ్యాసం రాసి ఒక వైద్య పత్రికకు పంపాను. ప్రపంచం నివ్వెరపోతుందనుకున్నాను. ఈ సంగతి అందరికీ ఎప్పటినుంచో తెలిసిందేనని మర్యాదగా తిప్పి పంపారు. నిజమే. అందరికీ తెలిసిందే, నాకూ తెలిసిందే, నా బల్ల మీద ఉన్నదే.

కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పేది ఇంతే. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే మనవాళ్ళు లేదనే చెబుతారు, అబద్ధం ఆడరు. పొద్దున లేచినప్పటినుంచి నోట్లో ఏం వేసుకున్నావో వరసగా చెప్పమనండి. ఆ మాట మీ భాషలో అడగండి. మీ భాష ఈ దేశానికి అందుకే తెచ్చుకున్నారు. గ్రేప్‌ఫ్రూట్ అని చదివి వినిపించి చేతులు దులుపుకోకండి. పండు బొమ్మ చూపించండి, దాని అన్నదమ్ముల్ని కూడా చూపించండి. మాత్ర సరిపడడం లేదనిపిస్తే సొంతంగా ఆపెయ్యొద్దని, ముందు మనకు చెప్పమనండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంకోటి. సీసా సంగతి. ఇంటికి పంపే రోజు స్రవంతితో ఆ మాటా ఎత్తాను. నువ్వు పడిపోయిన రోజున నీ మాత్రలు విటమిన్లనుకుంటే అంబులెన్స్ వాళ్ళకు ఏం తెలుస్తుందమ్మా అన్నాను. ఆ వారమే ఇల్లు పంచుకున్న అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టాలా అంకుల్ అని ఆ అమ్మాయి అడిగింది. వాళ్ళ ఊళ్ళో అంతేనట, మా ఊళ్ళోనూ అంతే. వద్దమ్మా అన్నాను. చేతిలో ఏమీ పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. తగిలేవి దూరంగా జరుపు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు, గడియారం చూడు, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. ఆ అమ్మాయి శ్రద్ధగా విన్నది. ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మకు చెప్పిందో లేదో నాకు తెలియదు. పదిమందికీ తెలిసిందన్న కబురైతే ఎక్కడా వినలేదు. మనం భయపడినంత చెడ్డవాళ్ళు కారు మనవాళ్ళు. అందరూ కాదు.

ఆఖరి వారం

నేను రిటైరయ్యే వారం గది ఖాళీ చేస్తున్నాను. సహోద్యోగులు ఒక్కొక్కరే వచ్చి ఏదో ఒకటి చేతిలో పెట్టి పోతున్నారు. చీఫ్ అప్పటికే రిటైరైంది. ఆవిడ పోస్టులో ఒక పెట్టె పంపింది. విప్పితే పంపర పనస. చీటీలో ఒకే మాట, "బంతి." ఆవిడకు హాస్యం తెలుసని నాకు అన్నేళ్ళూ తెలియదు.

ఆ పండును బల్ల మీద పెట్టుకుని చూస్తుంటే తలుపు దగ్గర స్రవంతి. కొలిమి పక్కన పనిచేసే పిల్లలకు ఉండే చిన్న కాలిన మచ్చ ముంజేతి మీద. ఫిట్స్ లేవు, మాత్ర అదే, మోతాదు అదే. బల్ల మీద పండు చూసి రెండడుగులు వెనక్కి వేసి నవ్వింది.

"నేనైతే ఈసారి ఉట్టి చేతులతోనే వచ్చినంకుల్. అమ్మ మస్తు తిట్టింది."

"ఏవీ, చూపించు."

రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు విడదీసింది. ఆకు కదలనట్టు ఉన్నాయి. నా వేలు ఈ చివర నుంచి ఆ చివరకు కదిపాను. చూపు చివరిదాకా వచ్చి, అక్కడ కుదురుగా నిలబడింది.

"అంకుల్, మీ ఏలే వణుకుతుంది," అంది.

"వయసమ్మా," అన్నాను.

అది కూడా అబద్ధమే.